మిగిలిన చెంప

మంగలి నత్త తన కత్తిని తోలుపట్టీ మీద అటూ ఇటూ రాసి, వేలికొసతో పదును చూసుకుని, మళ్లీ రాశాడు. ముఖం నిండా సబ్బునురగతో కుర్చీలో కూర్చున్న మనిషికి ఓపిక నశించింది.

“ఇవాళే గీస్తావా నత్తా? నురగ ఎండి పెచ్చులూడుతోంది.”

“తొందరపడితే తెగేది మీ చెంపండీ, నాది కాదు.”

ఆ పేరు వీధివాళ్లు పెట్టింది. అసలు పేరు భార్యకు తప్ప ఎవరికీ జ్ఞాపకం లేదు. కోపమొస్తే ఆవిడా నత్తా అనే అంటుంది. ఎదురు దుకాణంలో ముగ్గురు లేచేసరికి ఇక్కడ ఒకడు లేస్తాడు. అయితేనేం, కత్తెర చూసి కెవ్వుమనే పసివాళ్లనూ, తల నిలపలేని ముసలివాళ్లనూ ఇతని దగ్గరికే తీసుకొస్తారు. పాపం, నిదానమే అతని పెట్టుబడి, అదే అతని నష్టం.

మధ్యాహ్నం దుకాణం తలుపు దగ్గరగా వేసి, సంచీ తగిలించుకుని వెనక వీధిలో కండక్టరు బాబాయ్ ఇంటికి వెళ్లాడు. బస్సులో ఊరందరినీ అదిలించిన ఆ పెద్దాయన మంచం పట్టి చాలా రోజులైంది. డాక్టరు పెదవి విరిచేశాడు. ఒంట్లో సత్తువ పోయినా నోరు మాత్రం పోలేదు.

“వచ్చావా! నీకోసం చూసి చూసి గడ్డం మీద గడ్డం మొలిచింది.”

నత్త నవ్వి, దిండ్లు ఎత్తుపెట్టి ఆయన్ను ఆనించి కూర్చోబెట్టి, కళ్లద్దాలు తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. గోరువెచ్చని నీళ్లతో చెంపలు తడిపాడు.

“నున్నగా గియ్యరా. ఈ మాసిన గడ్డంతో పైకి పోతే మా అమ్మ గుర్తుపట్టదు. ఎవడీ ముసలాడు అంటుంది.”

వేళాకోళంగానే అన్నాడు గానీ, ఆ బెంగ నిజమేనని నత్తకు తెలుసు. తల్లి పోయేనాటికి ఆయనకు నూనూగు మీసాలైనా రాలేదు.

“మాట్లాడకు బాబాయ్, తెగుతుంది.”

“కోసెయ్, పీడా పోతుంది.”

వంటింట్లోంచి పిన్ని నవ్వింది. “వాడి చేతిలో పోవాలంటే ఇంకో పదేళ్లు పడుతుంది లెండి!”

కుడి చెంప అయింది. ఎడమ చెంపకు నురగ పట్టించి కత్తి ఆనించబోయాడు. ఎప్పుడూ వేళ్లకు తగిలే వెచ్చని ఊపిరి తగల్లేదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. మెడ పట్టుకుని చూశాడు. పెద్దాయన ఏదో తిట్టబోయి ఆగినట్టు ఉన్నాడు.

నత్త పిన్నిని పిలవబోయి ఆగాడు. ఆవిడ పరుగెత్తుకొస్తుంది, ఇరుగుపొరుగు వస్తారు, ఇక ఈ రెండో చెంప గీయనిచ్చేదెవరు? సగం గడ్డంతో ఆయన్ను ఎలా పంపడం?

కత్తిని నీళ్లలో ముంచి తీసి, మళ్లీ చెంపకు ఆనించాడు.

“కదలకు బాబాయ్, అయిపోవచ్చింది,” అన్నాడు వంటింట్లోకి వినపడేలా. ఎదురు దుకాణంవాడు ఎవరి మీసమో ఒకవైపు లేపేసిన కబురు, తన భార్య తనను దులిపేసిన కబురు, నోటికొచ్చినవల్లా చెబుతూ గీశాడు. కన్నీళ్లు నురగలో పడుతున్నాయి. అప్పుడు కూడా తొందరపడలేదు. తడిబట్టతో ముఖం తుడిచి, తల దువ్వాడు.

“పిన్నీ, ఒకసారి ఇలా రా.”

ఆవిడ గుమ్మంలోనే ఉంది, రెండు చేతులతో నోరు మూసుకుని.

“ఎప్పుడొచ్చావు పిన్నీ?”

“నువ్వన్ని కబుర్లు చెబుతుంటే ఒక్కదానికైనా ఎదురు చెప్పలేదురా ఆయన. అప్పుడే తెలిసిపోయింది. నేనేడిస్తే నీ చెయ్యి ఆగిపోతుందని ఊరుకున్నాను.”

దగ్గరికొచ్చి భర్త ఎడమ చెంప నిమిరింది. “నున్నగా ఉంది నాయనా,” అంది. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు, పక్కింటివాళ్లు తలుపు తోసుకుని వచ్చేదాకా.

కిటికీ గట్టు మీద పెద్దాయన కళ్లద్దాలు, ఒక అద్దం మీద నురగ చుక్కతో, ఎవరూ తీయక అలాగే ఉన్నాయి.