చెవి దగ్గర బుడగలు

సామ్యేలు నీళ్లలో గాలి పీల్చుకునే రెగ్యులేటర్లను తొట్టిలో ముంచేముందు ఒక్కొక్కదాని మూతనూ బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు. మూత వదులైతే లోపలికి నీళ్లు పోతాయి, ఆ తర్వాత తుప్పు. నల్లగండ్లలోని ఈ స్కూబా శిక్షణ కొలను దగ్గర అతని పని కడగడం, ఆరబెట్టడం, వచ్చినవాళ్లకు తొడగడం. నడివయసు, బానపొట్ట. నీళ్లలో నాని నాని వేళ్ల చివర్లు ఎప్పుడూ ముడతలు పడే ఉంటాయి. ఎవరు పిలిచినా ఎడమ చెవే అటు తిప్పుతాడు.

శనివారం కాబట్టి రాయదుర్గం ఆఫీసులవాళ్లు పొద్దున్నే దిగారు. మధ్యాహ్నం బస్సు, రేపు విశాఖలో వాళ్ల మొదటి డైవింగ్. వాళ్లలో లోహిత్ రబ్బరు వెట్‌సూట్‌ను జిప్పు ముందుకొచ్చేలా, కోటు వేసుకున్నట్టు వేసుకున్నాడు. కొత్తవాళ్లంతా చేసేదే.

"జిప్పు ఈపుకు రావాలె సార్," అని సామ్యేలు మళ్లీ విప్పించాడు.

మాస్కు అద్దంలో ఉమ్మమంటే హర్షిణి మొహం చిట్లించింది.

"ఉమ్మకపోతె అద్దం మసకబడ్తది బిడ్డా. చేపలు కానరావు."

ఇన్నేళ్లలో అతను ఇవేవీ తాను తొడుక్కోలేదు. సముద్రాన్ని ఒడ్డునుంచైనా చూడలేదు. కాకినాడ నుంచి వచ్చిన శిక్షకురాలు లీదియా ఈసారి మాట ఇచ్చింది. కొలను అడుగుదాకా దిగి రాగలిగితే బస్సులో సీటు అతనిదే.

అందరూ గట్టెక్కాక అతని వంతు వచ్చింది. కంగారులో జిప్పు ముందుకే వచ్చింది. లోహిత్ పడీపడీ నవ్వాడు. సామ్యేలూ నవ్వేశాడు.

నీళ్లలో మొదట హాయిగా ఉంది. తన ఊపిరి తనకే వినిపించింది. ఇన్నాళ్లూ జనానికి తొడిగి పంపింది ఈ నిశ్శబ్దాన్నా అనుకున్నాడు. ఇంకాస్త దిగగానే కుడి చెవిలో సూది దించినట్టయింది. ముక్కు మూసుకుని ఊదితే గాలి చెవిలోంచి బుడగలై పోయింది. బాగానే ఉందా అని లీదియా చేత్తో అడిగింది. సామ్యేలు బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాడు. బాగానే ఉందని. పచ్చి అబద్ధం. ఇంకొంచెం దిగాక మళ్లీ అడిగింది, మళ్లీ సున్నా చుట్టాడు. ఆమె అతని చెవి దగ్గరి బుడగల్ని చూస్తోంది. పైకి పదమన్నట్టు బొటనవేలు ఎత్తింది.

"చిన్నప్పుడు చెవి కారేదా అండి?" గట్టు మీద అడిగింది.

"ఎప్పుడో మేడం. ఇప్పుడేం లేదు."

"కర్ణభేరికి చిల్లు పడినట్టుందండి. డాక్టరుకు చూపించుకోండి. సముద్రంలోకి తీసుకెళ్లలేను."

"బోట్ల కూసుంట మేడం. నీళ్లల్ల దిగ."

"మీరు దిగకుండా ఉండలేరండి. ఇందాక నొప్పి పెడుతున్నా సున్నా చుట్టారు కదా."

ఆమె చెప్పింది నిజమే, అందుకే మరీ బాధేసింది.

సామాను బస్సులోకి ఎక్కించాడు. గట్టు మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్న హర్షిణి తలెత్తింది.

"మీరు రావట్లేదా అంకుల్? మీకేమైనా తేవాలా?"

సామ్యేలు తన సంచిలోంచి ఖాళీ నీళ్ల సీసా తీశాడు.

"గింత సముద్రం నీళ్లు తే బిడ్డా. నిజంగ గంత ఉప్పగుంటదా అని మా ఇంటామె బ్లెస్సీ అడిగింది. నేనే తెస్తనని చెప్పిన."

"పక్కా తెస్తా అంకుల్," అని సీసా అందుకుంది.

హారన్ మోగింది. హర్షిణి టోపీ, ఫోను, చార్జరు గబగబా ఏరుకుని పరుగెత్తి బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. సామ్యేలూ ఊపాడు.

బస్సు శేరిలింగంపల్లి వైపు తిరిగాక అతను లోపలికొచ్చాడు. కొలను గట్టు మీద, ఆ అమ్మాయి కూర్చున్న చోట, మూత గట్టిగా బిగించిన ఖాళీ సీసా ఉంది.