దుబాసి దాచిన మాట

ఇంట్లో పెద్ద జబ్బు వస్తే రోగికి తప్ప అందరికీ చెబుతాం. అదేం చోద్యమో, దానికి ప్రేమ అని పేరు కూడా పెట్టుకుంటాం. కల్వకుర్తి సుస్మిత కూడా అదే చేసింది.

ఆమె తల్లి గోపమ్మకు పుట్టుచెవుడు, మాట రాదు. దవాఖానలోనైనా, అంగట్లో గొర్రెల బేరంలోనైనా చిన్నప్పటి నుంచీ కూతురే సైగలతో విడమరిచి చెప్పాలి. పెద్దయ్యాక ఆ దుబాసి పనే సుస్మితకు బతుకుదెరువైంది.

ఈమధ్య గోపమ్మకు కడుపునొప్పి ఆగడం లేదు. గర్భసంచిలో గడ్డ ఉందని, సోమవారం ఆపరేషన్ చేసి తీసెయ్యాలని డాక్టర్ చెప్పాడు. సుస్మిత మాత్రం తల్లికి గ్యాస్ నొప్పి అని సైగ చేసింది.

"చెప్పకు బిడ్డా, బుగులు పడ్తది. దవాఖానకు పోయినంక చూద్దాం" అన్నాడు తండ్రి కాటమయ్య. అని, మందను తోలుకుని వెళ్లిపోయాడు.

ఆ శనివారం పాలమూరులో సైగల దుబాసీల సదస్సు. నొప్పితో ఉన్న మనిషిని ఒంటరిగా వదల్లేక సుస్మిత తల్లిని వెంట తెచ్చుకుంది. తీరా హాల్లో అడుగుపెట్టాక సుస్మితకు భయం పట్టుకుంది. ఊళ్లో ఇంటివాళ్లు తప్ప గోపమ్మతో మాట్లాడేవాళ్లే లేరు. ఇక్కడ ఎటు చూసినా సైగలు తెలిసినవాళ్లే. ఎవరిని ఏం అడుగుతుందో, ఎవరు ఏం చెబుతారో అని పొద్దున్నంతా తల్లి కొంగు వదల్లేదు.

భోజనాల దగ్గర చూస్తే పక్కన తల్లి లేదు. దూరంగా, పెద్ద దుబాసి రఘుపతి ముందు నిలబడి ఆత్రంగా ఏదో అడుగుతోంది. సుస్మిత పళ్లెంతోనే అటు కదిలింది. రఘుపతి గోపమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు.

"అమ్మ ఒకటి అడుగుతాంది బిడ్డా. 'గ్యాస్ నొప్పే అయితే, నన్ను చూసి నా మొగడు ఎందుకు ఏడుస్తుండు' అంటాంది. నాకు ఎరుక లేదు. నీకు ఎరుకేనా?"

సుస్మిత పళ్లెం పక్కన పెట్టింది. గడ్డ సంగతి, ఆపరేషన్ సంగతి, సోమవారం సంగతి అంతా చెప్పేసింది. గోపమ్మ ఏడవలేదు. కూతురి చేతులనే చూస్తూ సైగ చేసింది.

"కడుపు నాది. అందరికీ ఎరుకే, నాకొక్కదానికే లేదు. చిన్నప్పటి సంది నా తరఫున మాట్లాడినవ్. ఇంకేమేం దాచినవ్ బిడ్డా?"

అంగట్లో నవ్వినవాళ్ల మాటలు, చుట్టాలు అన్న మాటలు, తల్లి నొచ్చుకుంటుందని సుస్మిత ఎన్ని మింగేసిందో ఆమెకే లెక్క లేదు.

"ఆపరేషన్ కంటె ముందే డాక్టర్ తాన పోదాం. నేను అడుగుత. ఆయన చెప్పింది చెప్పినట్టు చెప్పు" అంది గోపమ్మ చేతులతో.

మధ్యాహ్నం మాట్లాడే వంతు వచ్చినప్పుడు, సుస్మిత రాసుకొచ్చిన ప్రసంగం తియ్యలేదు. ముందు వరుసలోని తల్లిని చూస్తూ నోటితోనూ చేతులతోనూ చెప్పింది.

"మనం మాట మోసెటోళ్లం. ఎవరి మాట వాళ్లకు ముట్టజెప్పాలె. ప్రేమతోని దాచినా అది కాజేసినట్టే."