గజముద్రను వీడిన తరళ

వర్షములు కడపటి మేఘములను సముద్రము మీదికి సాగనంపగా శరదృతువు నిర్మలమైన నీలాకాశమును బాపట్ల సీమపై నెమ్మదిగా పరచుచున్న ఆశ్వయుజమాసపు ప్రాతఃకాలమది. రాత్రి కురిసిన జల్లునకు తడిసిన జీడిమామిడితోపులు లేయెండలో తళతళలాడుచుండ వేరుసెనగచేల మీదుగా వచ్చు గాలి ఉప్పువాసనను మోసికొని చీరాల పట్టణపు ఇరుకువీథులలో ప్రవేశించి యిండ్ల ముంగిట ఆరవేసిన రంగురంగుల నూలుచిలపలను మెల్లగా ఊచుచుండెను. ఇంటింట మగ్గములు లయ తప్పక పలుకుచుండెను. వీథి పల్లములందు నిలిచిన వాననీటిలో తెల్లని మేఘశకలములు తేలియాడుచుండెను గాని అప్పుడే ఆటోరిక్షా దిగిన యొక యువతికి మాత్రము ఆ నీటియందు ఏ శోభయు గోచరింపలేదు. చీలమండ మునుగని ఆ మడుగును సైతము ఆమె దూరముగా చుట్టి నడచెను.

ఆమె పేరు తరళ. నివాసము తెనాలి. పక్షవాతముచే కాలుసేతులు స్వాధీనము తప్పిన వారి యిండ్లకు స్వయముగా పోయి వ్యాయామచికిత్స గావించు ఫిజియోథెరపీ వైద్యురాలు. పలుకులు తక్కువగను ఓర్పు ఎక్కువగను గల ఆ యువతి ఒక వ్రేలు కదలుటకై నెలల తరబడి నిరీక్షింపగలదు. ఆమెకు పూర్వము గజముద్రాంకితమైన యొక కంపెనీవారి కారుండెను. సమున్నతకాయమును విశాలోదరమును మందగమనమును గల ఆ వాహనమును ఆమెచేత కొనిపించినవాడు మేనమామ పానకాలరావు. తాడికొండలో మిరపకాయల వ్యాపారము చేయు ఆయన యింటి ముంగిట తండ్రినాటినుండియు గజముద్ర గల బండియే తప్ప వేరొకటి నిలిచి యెరుగదు. కంపెనీ మార్చుట ఇంటిపేరు మార్చుకొనుటతో సమానమని ఆయన నిశ్చితాభిప్రాయము.

క్రిందటి యేటి శ్రావణమాసమున ఒక పల్లెకు పోవుచు తరళ రోడ్డుమీదుగా పారుచున్న వాగునొద్ద కారు నిలిపి సంశయముతో మేనమామకు ఫోను చేసెను. గజమునకు వాగొక లెక్కలోనిది కాదనియు ధైర్యముగా పొమ్మనియు ఆయన సెలవిచ్చెను. నడుమకు పోవుసరికి ఆ మహాకాయము నేల విడిచి కాగితపు పడవవలె తేలి ప్రక్కకు కొట్టుకొనిపోయెను. స్టీరింగు ఎటు త్రిప్పినను ఫలము లేకపోయెను. అద్దములు దిగలేదు. బురదనీరు ఆమె నడుము దాటి యెదను తాకుచుండగా పొలమునందున్న రైతులు గునపముతో వెనుకయద్దమును పగులగొట్టి ఆమెను వెలికి లాగిరి. శరీరమునకు గాయము లేదు. కాని నాటినుండి తరళ స్టీరింగు ముట్టియెరుగదు. బస్సు పోవు దారులలోని రోగులకు మాత్రమే ఆమె చేయి అందుచుండెను. దుగ్గిరాల ఆవలి యొక పల్లెలో ఆమె సాయమున చెంచాను నోటివరకు ఎత్తుట నేర్చుకొనిన యొక దర్జీ ఆమె రాక నిలిచిపోగా మరల చేయి ముడుచుకొనెనను వార్త ఆమె హృదయమును ముల్లువలె పొడుచుచుండెను.

ఇట్లుండగా గుంటూరులోని యొక ఆసుపత్రివారు కదలక కూర్చుండి చేయదగిన ఉద్యోగమును ఆమెకు ఇయ్యజూపిరి. సోమవారము నాటికి బదులు చెప్పవలెను. తాను మరల కారు నడుపగలిగినచో ఆ ఉద్యోగమును వలదనుటకును నడుపలేకున్నచో పల్లెలకు శాశ్వతముగా స్వస్తి చెప్పుటకును తరళ తనలో తాను నిశ్చయించుకొనెను. మునిగిన బండికంటె పెద్దదియు సరిక్రొత్తదియునైన గజమునే కొనుమని మేనమామ నెలల తరబడి నచ్చజెప్పెను. ఆమె మాత్రము చేతికి తక్షణము బదులు చెప్పునట్టిదియు నేలను అంటిపెట్టుకొని పరుగెత్తునట్టిదియు నైన చిన్నబండి కావలెనని పట్టుబట్టి చీరాలలో ఒకడు అమ్మజూపిన కందిరీగముద్ర గల పాతకారును చూచుటకై బయలుదేరెను. వలదని చెప్పుటకైనను తాను ప్రక్కన ఉండవలెనని పానకాలరావు చేతిసంచి తగిలించుకొని వెంట వచ్చెను.

అమ్మకందారుడు గోలి సోమలింగము అను చేనేతవస్త్రముల వర్తకుడు. కందిరీగముద్ర గల ఆ కారు రెండే తలుపులతో కుంకుమవన్నె మెరుపుతో అతని దుకాణము ముంగిట పొంచియున్న చిరుతపిల్లవలె నిలిచియుండెను. దానిని ప్రతిదినము తెల్లవారకముందే ఓడరేవు దాక ఒంటరిగా పరుగెత్తించి వచ్చుట తన జీవితమునందలి యేకైక విలాసమనియు ఇటీవల భార్య కవలలను కనగా ఇద్దరు శిశువులును అత్తగారును దానియందు పట్టుట దుర్ఘటమైనందున కన్నకూతురిని అత్తవారింటికి పంపునట్లు అమ్ముచున్నాననియు సోమలింగము దీనముగా విన్నవించెను.

పానకాలరావు కారు చుట్టును ప్రదక్షిణము చేసి లోనికి వంగి తల పైకప్పునకు తగిలించుకొని వెలికి వచ్చెను.

"ఇది కారా అగ్గిపెట్టెయా? ఎక్కి పోవలెనా, జేబులో వేసికొని పోవలెనా?"

"బాబాయిగారూ, మీ పొట్టకు చోటు చాలలేదని చెప్పుడు. కారు చిన్నదనకుడు" అని సోమలింగము చేతులు జోడించెను.

తరళ పెదవులపై చిరునవ్వు పొడసూపినది గాని వికసింపలేదు. ఏలయన సోమలింగము ఇంజనును నడిపించి ఏసీ వేయగా పానకాలరావు ముఖము చిట్లించి ముక్కుపుటములను విప్పి ఒకమారు దీర్ఘముగా వాసన చూచి న్యాయాధిపతివలె నిటారుగా నిలిచెను. లోపలినుండి తడిమట్టివాసన వచ్చుచుండెను. అది సందేహించుటకు వీలులేని వాసన. వాన వెలిసిన చెరువుగట్టువాసన వంటిది.

"వరదలో మునిగిన బండి. కడిగి రంగు పూసి మన మెడకు కట్టుచున్నాడు. పద అమ్మాయీ."

సోమలింగము ముఖము వివర్ణమయ్యెను. ఈ కారు చక్రము తడిసినదే గాని ఒడలు తడిసి యెరుగదని తన బిడ్డలమీద ప్రమాణము చేయబోవగా అతని భార్య లోపలినుండి వారించెను. తనకు ఏ వాసనయు తెలియుటలేదని అతడనగా సొంత యింటివాసన సొంత ముక్కునకు తెలియదని పానకాలరావు ఎత్తిపొడిచెను. మాటకు మాట పెరిగి వీథిలోని మగ్గములు రెండు మూడు నిలిచిపోయి తలలు గుమ్మములందు కనబడెను.

తరళకు ఆ వాగ్వాదము వినబడుటలేదు. ఆ వాసన సోకినంతనే ఆమెకు బురదనీరు మరల నడుము చుట్టినట్లు తోచెను. వెనుదిరిగి ఆటోరిక్షా పిలిచినచో చాలును. మేనమామ సంతోషించును. ఆసుపత్రివారును సంతోషింతురు. ఆమె రెండడుగులు వేసెను కూడ. కాని కదలని వ్రేలినొద్ద నెలల తరబడి కూర్చుండ నేర్చిన ఆ యువతికి భయమును కూడ రోగివలె చూచుట అలవడియుండెను. నొప్పి ఎచ్చట పుట్టుచున్నదో కనుగొనక రోగిని విడిచిపోవుట ఆమె యెరుగదు. కావున ఆమె తిరిగి వచ్చి ఎవ్వరితోను చెప్పక తలుపు తెరచి స్టీరింగు ముందు కూర్చుండి తలుపు మూసికొనెను.

మునిగిన కారు ఎట్లుండునో ఆమెకంటె బాగుగా ఎరిగినవారు అచ్చట లేరు. వాగునుండి లాగిన తన కారును ఆమె మునివ్రేళ్లతో తడిమి చూచినది. కావున సీటుబెల్టును తుదివరకు లాగి చూచెను. ఎంత కడిగినను బురదచార వదలని ఆ తుదిభాగము ఇచ్చట క్రొత్తనూలువలె శుభ్రముగా నుండెను. సీటు క్రింద చేయి పెట్టి ఇనుపకడ్డీలను తాకెను. త్రుప్పు లేదు. కాళ్లక్రింది తివాచీని ఎత్తి ముక్కునకు చేర్చెను. దుమ్మువాసనయే గాని మట్టివాసన లేదు. అప్పుడామె ఏసీని ఆపెను. కొంతసేపటికి ఆ వాసన సన్నగిల్లి మాయమయ్యెను. మరల వేసెను. మరల వచ్చెను. వాసన బండిది కాదు గాలిది.

ఆమె తలుపు తెరచి ఏసీ గాలిని వడపోయు ఫిల్టరు ఎచ్చట నున్నదని నెమ్మదిగా అడిగెను. సోమలింగము వచ్చి ముందరి సొరుగును ఊడదీసి దాని వెనుక చేయి చొనిపి తటాలున ఆగిపోయెను. అతని ముఖమున మొదట ఆశ్చర్యమును పిదప సిగ్గును క్రమముగా పొడసూపెను. వెలికి వచ్చిన అతని చేతిలో పాతపంచెపీలికతో చుట్టిన గోధుమవన్నె వేళ్ల కట్టయొకటి ఉండెను. వానగాలితేమకు నాని అది సుగంధమునకును బూజునకును నడుమ నిలిచి తడినేలవాసనను విరజిమ్ముచుండెను.

"వట్టివేళ్లు చెల్లెమ్మా. దుకాణములో పట్టుచీరల బీరువాలయందు పెట్టునవే. మొన్నటి వేసవిలో ఏసీగాలి ఘుమఘుమలాడునని నేనే దూర్చితిని. కవలలు పుట్టిన సందడిలో మరచితిని."

మొదట నవ్వినది లోపలనున్న అతని భార్య. పిదప గుమ్మములందలి తలలు నవ్వెను. వేసవి పొడుగునను తన యింటి కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టించి నీరు చల్లించుకొని గుర్రుపెట్టి నిద్రపోవు పానకాలరావు ఆ కట్టను పుచ్చుకొని మరల మరల వాసన చూచి ఇది ఉశీరమే యని వైద్యునివలె నిర్ధారించి ఇంతటి పరిమళమును బురదయని ఎవరనిరని చుట్టును కలయజూచెను. తరళ మాత్రము నవ్వలేదు. ఎదలో ఏడాదిగా బిగిసియున్న ముడి యొకటి చప్పుడు లేకుండ విడిపోవుటను ఆమె వినుచుండెను. ఆమె కన్నులు చెమ్మగిల్లెను. అది దుఃఖము కాదు.

బేరము త్వరగానే కుదిరెను. కాగితములపై సంతకములైన పిమ్మట చక్రముల క్రింద పెట్టుటకు నిమ్మకాయలు తెప్పించెదనని సోమలింగము లేవబోవగా పానకాలరావు ముఖము ప్రక్కకు త్రిప్పుకొని తన చేతిసంచినుండి నాలుగు నిమ్మకాయలను తీసి బల్లపై పెట్టెను. వలదని చెప్పవచ్చినవాడు అవి యెందులకు తెచ్చెనో ఎవ్వరును అడుగలేదు. రివర్సు వేయునప్పుడు గేరుమెడలోని వలయమును పైకెత్తవలెనని చెప్పి సోమలింగము తాళపుచెవిని ఇచ్చి కారు తలపై ఒకమారు నిమిరి దుకాణములోనికి పోయెను.

నిమ్మకాయలు చిట్లెను. తరళ స్టీరింగును రెండు చేతులతోను గట్టిగా పట్టుకొనెను. వీథిమలుపునొద్ద ఇండికేటరు వేయబోయి అలవాటు చొప్పున కుడివైపు మీటను నొక్కగా ఎండకాయుచున్న అద్దముపై వైపరు కిర్రుకిర్రుమని ఊగెను. ఈ కంపెనీవారు ఆ మీటలను ఇటునటు మార్చిరి. వాన ఎచ్చట పడుచున్నదని మేనమామ మోకాళ్లను గడ్డమునకు ఆనించుకొని కూర్చున్నచోటినుండి అడిగెను. మూడవ మలుపునకు ఆమె చేయి క్రొత్త దారి నేర్చెను. పట్టణము దాటి రోడ్డు సాగినకొలది ఆ చిన్నబండి ఆమె మనసులోని మాటను చెప్పకముందే గ్రహించునట్లు పరుగెత్తెను. ఆమె భుజములు దిగెను. ఊపిరి పొట్టవరకు పోవుచుండెను.

ఆమె తెనాలికి పోలేదు. దర్జీ యున్న పల్లెదారి పట్టెను. ఆ దారిలో ఎగువ వానలకు నిండిన యొక వాగు రోడ్డును దాటి పారుచుండెను. లోతు ఎంతయో పైనుండి తెలియదు. ఆమె కారు నిలిపెను. వెనుకనుండి వచ్చిన గజముద్రగల నల్లని పెద్దకారు హారను మ్రోగించుచు వారిని దాటి నీటిలో దిగి ఇరువైపుల అలలెగయ అవతలి గట్టునకు ఎక్కిపోయెను. పానకాలరావు దానిని కన్నార్పక చూచెను. పెదవులు కదలెను. 

"మామయ్యా, నేను దిగను."

"నేనేమియు అనలేదే."

"అనెదరేమోనని."

ఆయన నీటివంక చూచెను. "అప్పుడు అంటిని. ఆ ఒక్క మాట చాలదా అమ్మాయీ?"

ఆమె ఆయన చేతిమీద ఒకమారు తన చేతిని ఉంచి తీసెను. పిదప వలయమును పైకెత్తి రివర్సు వేసెను. వెనుకటి గజమునకు తిరుగుటకే చోటు చాలని ఆ ఇరుకుగట్టుపై చిన్నకారు ఒకమారు వెనుకకును ఒకమారు ముందునకును కదలి సుఖముగా తిరిగెను. చుట్టుదారి పెద్దదే. దర్జీ యింటికి చేరుసరికి మధ్యాహ్నము దాటును. అయినను చేరును.

నీటిని దాటుటయే ధైర్యమని లోకము పొగడును. నడిపెడువాని చేతిలో నున్న బండికి ముందునకు పోవుటవలెనే వెనుదిరుగుటయు ఒక గమనమే యని ఆ మధ్యాహ్నపుటెండలో తరళకు తెలిసెను. చేల నడుమ ఎత్తైన కట్టపై కుంకుమచుక్కవలె మెరయుచు ఆ కారు పొడిదారి వెంట పల్లెవైపు సాగిపోయెను.