రెండో చెంప

మా మనవరాలు సొలొంగొ ఆ చలికాలమంతా ఒక చెంప దాచుకుని తిరిగింది.

మావైపు ఊరెళ్ళేవాళ్ళు పిల్లల్ని ఒక చెంప మీదే ముక్కు ఆనించి వాసన పీల్చి వెళతారు. రెండో చెంప తిరిగొచ్చాక. నా కూతురు సర్నాయ్ కూడా అలాగే చేసి వెళ్ళింది. దాని మొగుడు దక్షిణాన గనుల్లో పనికని పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. వాడి పేరు నా నోటితో పలకను. సర్నాయ్ పదకొండేళ్ళ పిల్లని మా ముసలాళ్ళ దగ్గర వదిలి, కుట్టుపని వెతుక్కుంటూ నగరానికి పోయింది. రెండు నెలలకి చూడ్డానికి వస్తే, సొలొంగొ దగ్గరికెళ్ళి ఒకసారి ముక్కు ఎగబీల్చి, "నీ దగ్గర అమ్మ వాసన రావట్లేదు" అని మొహం తిప్పేసుకుంది. నగరం సబ్బు వాసన మరి! మూడు రోజులు ఉండాల్సిన సర్నాయ్ మర్నాడే కళ్ళు తుడుచుకుంటూ వ్యాను ఎక్కేసింది. ఆ రెండో చెంప అలాగే ఉండిపోయింది.

పిల్ల మాత్రం రోజూ తల్లి పాత గొర్రెతోలు కోటు కప్పుకునే పడుకునేది. దులుపుతానన్నా నా మీద గుర్రుమనేది.

మా ముసలాయన దంబా తఖీల కాపలాదారు. తఖి అంటే జీను ఎరగని అడవి గుర్రం. మా కొండల్లో అవి ఒక్కటీ మిగలకుండా పోతే, ఎక్కడెక్కడి జంతుశాలల నుంచో పెట్టెల్లో తెచ్చి మళ్ళీ వదిలారు. "మూడొందల అడుగులకన్నా దగ్గరికి పోవద్దు, ముట్టుకోవద్దు" అని ముసలాయన నిద్రలో కూడా కలవరిస్తాడు. సెలవురోజుల్లో సొలొంగొ బైనాక్యులర్ మెళ్ళో వేసుకుని ఆయన వెంట తిరిగేది.

ఏప్రిల్లో ఒక శనివారం, సర్నాయ్ మళ్ళీ వస్తున్న రోజు. పొద్దున్నే పిల్ల తల్లి కోటు తొడుక్కుని మాయమైంది. తల్లికి ఎదురుపడటం ఇష్టంలేక పోయిందనుకుని ఊరుకున్నాను. కాసేపటికి చూస్తే, కోటు చేతులు రెండూ పట్టుకుని మంచుమీద ఈడ్చుకుంటూ వస్తోంది. కోటులో తడిసి ముద్దయిన తఖి పిల్ల.

"అమ్మమ్మా, పొయ్యి ఎగదొయ్యి! దీన్ని వాళ్ళమ్మ వదిలేసి పోయింది. ఎలా వణుకుతోందో చూడు!"

నేనూ తక్కువ తినలేదు. చలిలో పుట్టిన ప్రతి గొర్రెపిల్లనీ మేకపిల్లనీ గుడారంలోకి తెచ్చి పొయ్యి పక్కన పడుకోబెట్టే చేతులు ఇవి. ఆలోచించకుండా పాలగిన్నె అందుకున్నాను. అప్పుడే ముసలాయన తలుపు తీసుకుని వచ్చి, చూసి, నెత్తి పట్టుకున్నాడు.

"అది చిన్నపిల్ల సరే, నీకేమైందే? ఇదేమన్నా మేకపిల్లా?"

"చలికి చచ్చేలా ఉంది కదయ్యా!"

"చలిలో పుట్టి చలిలో లేచే జాతి. చలికి చావదు. మనిషి వాసన పట్టిందని తల్లి పాలివ్వకపోతే చస్తుంది." ఆయన సొలొంగొ వైపు తిరిగాడు. "తల్లి ఎక్కడుంది?"

"గుట్టమీద నిలబడి నావైపే చూసింది. రాలేదు."

"రాకపోవడం కాదే పిచ్చిమొద్దూ. నిన్ను చూసి తప్పుకుంది. నువ్వు పోతే వద్దామని కాచుకుని నిలబడింది."

సొలొంగొ తఖి పిల్ల మీంచి చేతులు లాగేసుకుంది. "ఇప్పుడు తీసుకోదా తాతా?"

"ఏమో. ఎక్కు గుర్రం."

ముసలాయన తఖి పిల్లని తన జీను ముందు వేసుకున్నాడు. నేనూ సొలొంగొ ఇంకో గుర్రమెక్కి వెంట వెళ్ళాం. మగ తఖీలు లద్ది వేసిన చోటే వేసి కుప్పలు పెడతాయి. అలాంటి కుప్ప దగ్గర ఆగాం. "కోటు లోపలంతా పురిటితడి ఉంది. తల్లి ఎరిగిన వాసన అదే. మనిషి వాసన పోయేలా అందులో లద్ది వేసి పిల్లని బాగా రుద్దు" అన్నాడు.

సొలొంగొ కోటు పట్టుకుని నిలబడిపోయింది. కాలర్లో ముక్కు పెట్టి గట్టిగా ఒక్కసారి పీల్చింది. వద్దులే అనబోయాను. నా నోరు లేచేలోపే అది వంగి, దోసిలి నిండా లద్ది తీసి కోటు ఉన్నిలో వేసి, పిల్లని తల నుంచి తోకదాకా రుద్దసాగింది.

పిల్లని ఎత్తుకొచ్చిన చోటే దించి, గాలికి ఎదురుగా రాళ్ళ వెనక బోర్లా పడుకున్నాం. చాలాసేపు ఏమీ లేదు.

"అమ్మమ్మా," అంది సొలొంగొ బైనాక్యులర్ దించకుండా, "అమ్మ కూడా నేను మొహం తిప్పుకున్నందుకే వెళ్ళిపోయిందా?"

"అందుకే. అయినా ఇవాళ వస్తోందిగా."

పిల్లని దగ్గరికి రానివ్వని ఆడగుర్రాన్ని మా ఇళ్ళల్లో పాట పాడి మెత్తబరుస్తాం. "గురే, గురే" అని లోగొంతుతో మొదలుపెట్టాను.

"అడవి గుర్రానికి జోలపాటా?" అని ముసలాయన మూలిగాడు.

"నువ్వు నోరుమూసుకో. నా పాట, నా ఇష్టం."

తల్లి గుట్ట దిగింది. పిల్లని వాసన చూసి, చెవులు వెనక్కి వాల్చి, గిరుక్కున తిరిగిపోయింది. సొలొంగొ నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగిపోయేలా. పది అడుగులు వెళ్ళిన తల్లి ఆగింది. మళ్ళీ వచ్చింది. ఈసారి తోక దగ్గర్నుంచి మొదలుపెట్టి మెల్లగా మెడదాకా వాసన చూసి, నాకడం మొదలుపెట్టింది. పిల్ల రెండుసార్లు పడి, మూడోసారి లేచి, తల్లి పొట్ట కిందకి దూరింది. ముసలాయన టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. గాలికి కళ్ళు మండాయట.

మేం ఇంటికి చేరేసరికి వ్యాను వచ్చి వెళ్ళిపోయింది. సర్నాయ్ గుడారం ముందు నిలబడి ఉంది, కూతురు దగ్గరికి వస్తుందో రాదో తెలియని దానిలా. సొలొంగొ గుర్రం దిగి, మురికి కోటు గుండెకి హత్తుకుని దూరంగానే ఆగింది.

"దగ్గరికి రాకమ్మా. ఒళ్ళంతా లద్ది. నా వాసన నాకే తెలియట్లేదు. నీ కోటు కూడా పాడైపోయింది."

సర్నాయ్ వచ్చి, పిల్ల మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. సొలొంగొ ఒక్క క్షణం ఆగి, దాచుకున్న చెంప తనే తిప్పింది. సర్నాయ్ ముక్కు ఆనించి కళ్ళు మూసుకుని పీల్చింది. "ఛీ, ఏం కంపే!" అంటూనే మళ్ళీ పీల్చింది.

ఈసారి మూడు రోజులూ ఉంది. వ్యాను వచ్చిన పొద్దున సొలొంగొ ఒక చెంప ముందుకు చాపి, రెండోదానికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇది నువ్వు వచ్చాక," అంది.