అట్ట మీద అనంతమ్మ

గద్వాలలో చీరల అంచులకు నమూనాలు గీసేవాళ్లలో నా అంత పొగరుబోతు ఇంకొకడు లేడని మా అక్క అనంతమ్మ అనేది. కాదనను. గోపురాల వరుసలా ఉండే కోటకొమ్మ అంచు కావాలంటే వనపర్తి షావుకార్లు కూడా సత్తయ్య ఇల్లెక్కడని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. రంగుల విషయంలో ఎవరైనా సలహా చెబితే నాకు ఒళ్లు మండేది.

అలాంటి నా దగ్గరికి అబ్దుల్ మజీద్ ఒక వింత పని పట్టుకొచ్చాడు. మజీద్‌కు బజారులో గ్రామఫోన్ల దుకాణం ఉంది. అంతకు రెండు నెలల ముందు అక్కనూ నన్నూ రైలెక్కించి మద్రాసు తీసుకుపోయి, ఒక కంపెనీ వాళ్ల గదిలో ఆమె చేత పాటలు పాడించింది అతనే. రాట్నం తిప్పి కండెలు చుడుతూ అక్క పాడుకునే పాటలు అవి. అవి వింటూనే మా వీధి మగ్గాలన్నీ నడిచేవి.

"అక్క పాటల ప్లేట్లు నాలుగు ఒక అట్టపుస్తకంల పెట్టి అమ్ముతరట సత్తయ్యా. ఆల్బం అంటరు. దాని అట్టకు రంగుల బొమ్మ గావాలె. గదే బొమ్మ చిన్నగ చేసి మద్రాసు మాసపత్రికల ప్రకటనేస్తరు. పత్రిక చూసినోడు దుకాణంల అట్ట చూడంగనే గుర్తుపట్టాలె," అన్నాడు మజీద్.

"బొమ్మల ఎవరుండాలె?"

"పాడినామె ఉండాలె. ఇంకెవరుంటరు?" అని గొంతు తగ్గించాడు. "జర మంచిగ గియ్యి. తెల్లచీర, బొట్టు లేని నొసలు ఏస్తే కొనేటోడు ఎనక్కి మర్లుతడు."

బావ పోయినప్పుడు అక్కకు ఇరవై రెండేళ్లు. అప్పటి నుంచి పదహారేళ్లుగా ఆమెకు అంచులేని తెల్లచీరే. వీధిలో అందరి చీరల అంచులకూ పట్టు కండెలు చుట్టేది మాత్రం ఆమే. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు మండేది. ఊరి నోరు మూయించడం నా వల్ల కాలేదు కానీ, కాగితం మీద నాకు అడ్డొచ్చేదెవరు? మజీద్ చెప్పింది వ్యాపారం కోసమే అయినా, నా మనసులో ఉన్నది కూడా అదే.

తొమ్మిది రోజులు కూర్చుని వేశాను. వెనక అంతా చిక్కటి ఆకుపచ్చ. దాని మీద నిండు ఎరుపు చీరలో అక్క. జడలో పూలు, చేతుల నిండా గాజులు, నొసట ఇంత బొట్టు. ఎరుపు పక్కన పచ్చ వేస్తే రెండూ ఒకదాన్నొకటి లేపుతాయి. మగ్గం ఉన్న ఇంట్లో ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. బొమ్మ పూర్తయ్యాక నన్ను నేనే మెచ్చుకుని అక్కను పిలిచాను.

ఆమె రాట్నం ఆపి వచ్చి చూసింది.

"ఎవర్రా ఈమె?"

"నువ్వే అక్కా."

"నేను గిట్ల లేను."

"ఉంటివి గద, అప్పుడు."

"అప్పుడు గీ పాటలు నాకు రావు తమ్మీ. బావ పోయినంక ఒక్కదాన్నే కండెలు సుట్టుకుంట ఇవి కట్టుకున్న. పాడింది నేను, బొమ్మ ఇంకోదానిది. ఇనేటోళ్లు ఆమె పాడిందనుకోవాల్నా? ఉన్నదున్నట్టు నన్ను గియ్యి. లేకుంటె ఎవర్నీ గియ్యకు."

నాకు కోపం వచ్చింది. ఇంత ప్రేమగా వేస్తే ఈ మాటా అనుకున్నాను. ఆమె అటు తిరగగానే బొమ్మను చుట్టచుట్టి మజీద్ చేతికిచ్చి మద్రాసుకు పంపించాను. ఆ విషయం అక్కకు తెలిసింది. పాడటం మానేసింది, అంతే. రాట్నం చప్పుడొక్కటే వినబడేది. పక్కింటి బుచ్చయ్య మగ్గం గుంటలో నుంచి తల పైకెత్తి, "అక్కకు పెయ్యి బాగలేదా, జ్వరమొచ్చిందా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ పదిహేను రోజులూ నాకు అన్నం సహించలేదు.

పదహారో రోజున మజీద్ పరేషాన్ అవుతూ వచ్చాడు. అతని చేతిలో పత్రిక కోసం అచ్చువేసి చూసిన కాగితం ముక్క ఉంది. అరచేతంత నల్లటి మచ్చ ఒకటి, కింద కంపెనీ పేరు. చీరా లేదు, పచ్చా లేదు. అక్క నొసటి బొట్టు, ఆమె ముఖం, అన్నీ ఆ నలుపులో కలిసిపోయాయి.

"పత్రికల నలుపు సిరా ఒక్కటే ఉంటదట. నీ ఎరుపు, నీ పచ్చ రెండూ ఒక్కతీరు నలుపైనయంట. వారంల ఇంకో బొమ్మ రాకుంటె వాళ్లకాడ ఉన్న బొమ్మ, ఎవరో వీణ పట్టుకున్నామె, గదే ఏస్కుంటమని రాసిండ్రు," అన్నాడు.

పదిహేనేళ్లుగా రంగులతోనే బతికినవాణ్ణి. రంగులు తీసేస్తే నా బొమ్మలో ఏం మిగులుతుందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. సిగ్గుతో తల వాలిపోయింది. అంతకంటే ఎక్కువగా భయం వేసింది. ఈ నా తెలివితక్కువతనం వల్ల అక్క గొంతు ఎవరో వీణ పట్టుకున్న మనిషి బొమ్మతో ఊళ్లు తిరగబోతోంది.

ఆ కాగితం ముక్కను మళ్లీ మళ్లీ చూశాను. నలుపు మధ్యలో ఏది కనబడుతుంది? తలెత్తితే వసారాలో, పొగచూరిన గోడ ముందు అక్క కూర్చుని రాట్నం తిప్పుతోంది. వీధి చివరి నుంచి చూసినా కనబడేటంత తెల్లగా ఉంది ఆమె చీర.

బొగ్గు ముక్క తీసుకుని అక్కడే కాగితం మీద గోడను నల్లగా రుద్దాను. చీర ఉన్న చోట కాగితాన్ని అలాగే వదిలేశాను. మజీద్‌ను గుమ్మం దాకా పోయి చూడమన్నాను. అతను కళ్లు చిట్లించి చాలాసేపు చూశాడు.

"బజారు అవతలికెంచి గూడ కానొస్తది," అన్నాడు. వెనక్కి వచ్చి, "తెల్లచీరంటె ఎట్లనో అనుకున్న. కానియ్యి, చూద్దాం," అన్నాడు.

మూడు రోజుల్లో పూర్తి చేశాను. గాజులు, పూలు లేవు. నొసలు ఎలా ఉందో అలాగే వేశాను. రాట్నం మీద చెయ్యి, పాట మధ్యలో కొద్దిగా తెరుచుకున్న నోరు. ఈసారి అక్కను పిలవడానికి ధైర్యం చాలలేదు. ఆమే వచ్చి నా వెనక నిలబడింది.

"గిది నేనే," అంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆమె మాత్రం కదల్లేదు. వంగి చీర కుచ్చెళ్ల దగ్గర వేలు పెట్టింది.

"అంచు ఏది?"

"నీ చీరకు అంచు లేదు గదక్కా. ఉన్నదున్నట్టు గియ్యమంటివి."

"నా చేతులు గూడ ఉన్నయ్ గద. ఎన్నేండ్ల సంది ఊరందరి అంచులకు కండెలు సుట్టిన! నా బొమ్మకు నేను ఒక అంచు పెట్టుకుంటె తప్పేంది?"

"పత్రికల అయితె అంతా నలుపే, ఏం గాదు. అట్ట మీద రంగు కానొస్తదక్కా. ఊరోళ్లు చూస్తరు."

"చూడనియ్యి."

గోడవారన నేను విసుగుతో నెట్టేసిన రంగు గిన్నె ఉంది. అందులో మొదటి బొమ్మకు కలిపిన ఎరుపు ఎండిపోయి అడుగున అంటుకుంది. అక్క ఆ గిన్నె తీసి చెంబులోంచి నాలుగు చుక్కల నీళ్లు పోసింది. కండె చుట్టే వేలితోనే నెమ్మదిగా కలిపి, గిన్నెను నా ముందుకు జరిపింది.

"గీ ఎరుపు పారబొయ్యకు తమ్మీ," అంది. "అంచుకు సరిపోతది."