గంట మోగేదాకా

సెయింట్ లూకా పండుగ మర్నాడు, సోమవారం, పొద్దు పొడిచే వేళ నూన్యో చనిపోయాడు. పొద్దెక్కేసరికి అతని భార్య మెన్సియా పొలంలో నాగలి పట్టుకుని ఉంది.

కొండ మీది కోట ఆల్బార్దో దొరలది. ఊళ్ళో ఇంటి యజమాని పోతే చర్చి గంట మోగుతుంది. మోగిన క్షణం నుంచి ఆ ఇంట్లో మేలైన పశువు దివాణానిది. తాతల నాటి పత్రంలో అలాగే రాసి ఉంది. మెన్సియాకున్నది ఒకే ఎద్దు. పక్కింటి తోడాకు ఇంకొకటి. రెండూ కలిస్తేనే కాడి. నిన్ననే వాన పడింది, పదును ఆరేలోగా విత్తాలి. రెండిళ్ళకూ కలిపి కొండవాలున తొమ్మిది మెట్ల పొలం. రోజుకు మూడు మెట్లు చొప్పున మూడు రోజుల పని.

"గంట కొట్టే గర్సీ బాబాయ్‌తో ఆగమని చెప్పావా?" బార్లీ గింజలు చల్లుతూ అడిగింది తోడా.

"చెప్పా. ఎవరడిగినా తనకేం తెలీదంటాడట."

"అబద్ధమాడితే ఆయనకి చెవులు ఎర్రబడతాయే."

"టోపీ పెట్టుకోమన్నా."

సాయంత్రం మెన్సియా కిటికీ తెరిచే ఉంచింది, చలిగాలి తగిలేలా. మంచం పక్కన కూర్చుని రొట్టె తింది. "మూడు అయ్యాయి," అని నూన్యోకు చెప్పింది. మంగళవారం "ఆరు" అంది.

బుధవారం ఏడో మెట్టు పూర్తయి ఎనిమిదో దాంట్లో దిగుతుండగా దివాణం కార్యస్థుడు బెల్త్రాన్ కంచరగాడిద మీద వచ్చాడు.

"నూన్యో ఏడీ?"

"పడుకున్నాడయ్యా. జ్వరం."

"మూడ్రోజులుగా నువ్వే దున్నుతున్నావట."

"వెనకున్నదెవరో ఎద్దుకి తెలీదు కదయ్యా."

బెల్త్రాన్ ఇంటికి వెళ్ళి చూసి తిరిగొచ్చాడు.

"పడుకున్నాడన్నావు."

"లేచాడా మరి?"

బెల్త్రాన్ కంచరగాడిదను తిప్పాడు. చర్చికి వెళ్ళి గర్సీని గంట కొట్టమన్నాడు. గర్సీ టోపీని చెవుల మీదికి లాక్కున్నాడు.

"పోయాడని ఇంటివాళ్ళు నాతో చెప్పలేదయ్యా. చెప్పకుండా నేను కొట్టను."

బెల్త్రానే గోపురం మెట్లెక్కి తాడు లాగాడు. మగవాడు పోతే తొమ్మిది దెబ్బలు. పొలంలో మెన్సియా లెక్కపెట్టింది. నాగలి ఆపలేదు.

చావు గంట వినగానే ఇంటికొకరు కొవ్వొత్తితో చర్చికి రావడం ఊరి ఆచారం. బెల్త్రాన్ కిందికి దిగి, చర్చి ముందు నిలబడి చూశాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

మధ్యాహ్నం ఇద్దరు భటులు వచ్చి మెన్సియా ఎద్దును కాడి నుంచి విప్పారు. అది కదలకపోతే తోకను మెలిపెట్టారు. తోడా ఎద్దు కాడి కింద ఒంటరిగా నిలబడింది. ఎనిమిదో మెట్టులో సగం మిగిలింది.

గురువారం గంట కొట్టకుండానే నూన్యోను పూడ్చారు. ఇంటికొకరు కొవ్వొత్తితో వచ్చారు.

శుక్రవారం మళ్ళీ వాన పడింది. మెట్టున్నర పొలం విత్తనం లేకుండా ఉంది.