కామా గారి పేరుతో వచ్చిన ఉత్తరం

అచ్చుతప్పు కంటబడితే ఆయనకు అన్నం సహించదు. ముప్పై ఏళ్ళుగా ఒకే ప్రెస్సుకు ప్రూఫులు దిద్దుతున్నాడు. ప్రెస్సులో అందరూ ఆయనను కామా గారనే పిలుస్తారు. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఉండేది మేడమీద ఒంటరి గది. రెండు కుర్చీలున్నా రెండోదాని మీద నిఘంటువులే కూర్చుంటాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయనకు తోడు కంప్యూటరే.

రోజూ దాన్ని తెరవగానే తెర మూల చిన్న పెట్టె కనిపించేది. భద్రత కోసం కొత్త మార్పులు వచ్చాయి, ఇప్పుడు వేయమంటారా, తర్వాతా అని అడిగేది. ఆయన 'తర్వాత' నొక్కేవాడు. ఒకప్పుడు సరేనన్నందుకు ఒత్తులన్నీ చెల్లాచెదురై, నాలుగు రోజుల పని మట్టిపాలైంది. వేడి పాలతో మూతి కాలిన పిల్లి మజ్జిగనూ ఊదుకు తాగినట్టు, రెండేళ్ళుగా ఆ పెట్టెను దగ్గరికి రానివ్వలేదు.

ఒక మంగళవారం ప్రెస్సు మేనేజరు ఫోన్ చేశాడు. కామా గారి పేరుతో ఈ-మెయిల్లో ఓ ఉత్తరం వచ్చిందట. ఈ ఫోటో చూడండి, గుర్తుపడతారేమో అని రెండు వాక్యాలు, కింద ఒక ఫైలు. రెండు వాక్యాల్లో నాలుగు తప్పులుండేసరికి అది ఆయన రాసింది కాదని చిటికెలో తెలిసిపోయిందని, చెరిపేశామని మేనేజరు నవ్వాడు. కామా గారికి లోలోపల కాస్త గర్వంగానే అనిపించింది.

కంప్యూటర్‌ను సంచీలో పెట్టుకుని వీధి చివర కంప్యూటర్ మెకానిక్కు దగ్గరికి వెళ్ళాడు. ఆమె నడివయసు మనిషి, పని మొదలుపెడితే తల ఎత్తదు. గంటసేపు చూసి, కంప్యూటర్ ప్రోగ్రాములో ఏడాదిన్నర కిందటే బయటపడిన కంత గుండా ఎవరో లోపలికి వచ్చారని చెప్పింది. దాన్ని పూడ్చే మార్పు ఆయన రోజూ వద్దన్న వాటిలోనే ఉందట.

"నా దగ్గర ఏముందమ్మా దోచుకోవడానికి? అన్నీ ఊళ్ళోవాళ్ళ పుస్తకాలే" అన్నాడాయన.

"మీ పేరుంది కదా సార్. మీ మాట నమ్మేవాళ్ళున్నారు. దొంగకి అంతకంటే ఏం కావాలి?" అంది ఆమె.

ఉత్తరం ఆయన చిరునామాల పట్టీలో ఉన్న నలభై ముగ్గురికీ వెళ్ళింది. ఈరోజే అందరికీ ఫోన్ చేసి తెరవొద్దని చెప్పమని ఆమె గట్టిగా చెప్పి పంపింది. ఆయన సాయంత్రంలోగా నలభై రెండు ఫోన్లు చేశాడు. మిగిలింది చెల్లెలు.

ఆమెతో మాటలు లేక తొమ్మిదేళ్ళు. నాలుగు నెలలు అమ్మకు మంచం దగ్గరుండి చాకిరీ చేసింది ఆమె. అమ్మ పోయిన రోజు నిద్ర లేని కళ్ళతో ఆమే సంతాప పత్రం రాసి అచ్చు వేయించింది. అందులో ఒక దీర్ఘం పోయింది. అన్నగారు వచ్చీరాగానే జేబులోంచి ఎర్ర కలం తీసి, వచ్చినవాళ్ళందరి ముందూ దాన్ని దిద్దాడు. ఆమె ఆ కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అంతే.

నా ఉత్తరం తను తెరుస్తుందా ఏమిటి అనుకుని, ఆయన ఫోన్ పక్కన పెట్టేశాడు.

గురువారం ఉదయం ఆమే ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఒంట్లో ఎలా ఉంది?" అంది ముందుగా.

బాగానే ఉందన్నాడు.

"రెండు రోజులు ఆ ఉత్తరాన్నే చూస్తూ కూర్చున్నాను. తప్పులు కనపడ్డాయి. నీ చేతిలో తప్పు దొర్లిందంటే కళ్ళైనా పోయుండాలి, మంచమైనా పట్టుండాలి అనుకున్నాను. అమ్మ ఫోటో ఏదో పంపావేమోనని ఇందాక తెరిచాను. అన్నీ పోయాయన్నయ్యా."

చూపు లేని పిల్లల బడికి ఆమె బ్రెయిలీ పుస్తకాలు తయారుచేస్తుంది. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం, ఏడు నెలల పని, ఇంకో మూడు పాఠాలైతే పూర్తయ్యేది. అది ఇప్పుడు తాళం పడ్డట్టు బిగుసుకుపోయింది. నకలు దాచిన డిస్కును కూడా కంప్యూటర్‌కే తగిలించి ఉంచడంతో అదీ పోయింది.

ఫోన్ పెట్టేశాక ఆయనకు లెక్క తేలింది. నలభై ఇద్దరూ ఆయన పాండిత్యాన్ని ఎరిగినవాళ్ళు కాబట్టి తెరవలేదు. ఆయన ఏమైపోయాడోనని బెంగపడ్డది ఒక్కతే, ఆ ఒక్కతే తెరిచింది. మంగళవారం ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆమె పని దక్కేది.

మర్నాడు రైలెక్కి ఆమె ఇంటికి వెళ్ళాడు. ఆమె తలుపు తీసి పక్కకు తప్పుకుంది. ఆ రోజు నుంచి మళ్ళీ మొదటి పాఠం మొదలుకొని ఆయన మూల పుస్తకం చూసి నెమ్మదిగా చదవడం, ఆమె బ్రెయిలీ మీటలు నొక్కడం. పాఠంలోని మాటలు తప్ప ఇద్దరి మధ్యా వేరే మాట లేదు. పదో రోజున ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆ రోజు నేను కలం తియ్యకుండా ఉండాల్సింది."

ఆమె చేతులు కాసేపు ఆగాయి.

"తర్వాతి పేరా చదువు" అంది.

బడి తెరిచే నాటికి మొత్తం పుస్తకంలో మొదటి మూడు పాఠాలే సిద్ధమయ్యాయి. మిగతా తరగతుల పిల్లలు వేళ్ళతో పుస్తకాలు చదువుకుంటుంటే, ఎనిమిదో తరగతిలోని తొమ్మిదిమంది పిల్లలు చేతులు కట్టుకుని వింటూ కూర్చున్నారని ఆ బడి టీచరు చెప్పింది. అది విన్న రోజు కామా గారు భోజనం చేయలేదు. ఇప్పుడాయన కంప్యూటర్ ఏ మార్పు అడిగినా ఆ రోజే వేస్తాడు. అక్షరాలు చెదిరితే ఓపికగా మళ్ళీ దిద్దుకుంటాడు.

మన కంప్యూటర్‌లో ఏముందిలే, పోతే మనదే పోతుంది అని అందరమూ అనుకుంటాం. మన పేరు చూడగానే తలుపు తీసే మనిషి లోకంలో ఒక్కరైనా ఉంటారు; మన గడియ మనం వేసుకోవలసింది ముందుగా వాళ్ళ కోసం.